భావాలకు పేర్లు పెట్టిన ఊరు

1816లో మద్రాసులో అచ్చయిన తన తెలుగు వ్యాకరణంలో ఏ.డి. క్యాంప్‌బెల్ ఒక సంగతి చెప్పుకున్నాడు. తెలుగుకు చాలా పాత వ్యాకరణం ఒకటుందనీ, దాన్ని వేలాది రాగిరేకుల మీద చెక్కించి తిరుపతి గుడిలో భద్రంగా దాచారనీ ఆయన విన్నాడు. శ్రమపడి ఆ రేకుల మీది రాతకు నకళ్ళు తెప్పించుకున్నాడు. తీరా చూస్తే అందులో వ్యాకరణం లేదు, దేవుణ్ణి కీర్తించే పాటలున్నాయి. తాను వెతికింది కాదు గనక వాటి జోలికి ఇక వెళ్ళలేదు. ఆయన వదిలేసినవి అన్నమాచార్యుల వంశమైన తాళ్ళపాక వారి సంకీర్తనలు. లోపల ఏముందో ఆ రేకులే మొదట్లో స్పష్టంగా చెబుతాయి. వాటిని చూడకుండా జనం తగిలించిన పేరే ఆయన్ను దారి తప్పించింది. రెండు వందల ఏళ్ళ తర్వాత అలాంటి చిక్కే మరో చోట, మరింత పెద్దగా ఎదురవుతోంది. మనిషి తలకు ఎలక్ట్రోడ్లు తగిలించి, మెదడు అలలను రికార్డు చేసి, ఆ గీతలను బట్టి అతను సంతోషంగా ఉన్నాడో, కోపంగా ఉన్నాడో, దిగులుగా ఉన్నాడో చెప్పమని కంప్యూటరుకు నేర్పుతున్నారు. దీన్ని భావాలను చదివే యంత్రం అంటున్నారు. ఆ యంత్రం చదివేది భావాన్ని కాదనీ, ఆ అలలకు మనుషులు ముందే పెట్టిన పేరునే అది తిరిగి చెబుతోందనీ నా వాదన. భావానికి పేరు ఎలా పుడుతుందో, ఎవరు పెడతారో, దేన్ని చూసి పెడతారో తెలుసుకోవాలంటే తిరుపతి, చిత్తూరు సీమ చరిత్రను చూడాలి. ఐదు వందల ఏళ్ళుగా ఈ సీమ భావాలను విడదీసి, పేర్లు పెట్టి, రాగి మీద చెక్కి, వేషం కట్టి, తిథి కేటాయించి మరీ కాపాడుకుంటూ వచ్చింది.

ముందు ఆ అలల పుట్టుక గురించి కొంత చెప్పుకోవాలి. జర్మనీలోని యేనా నగరంలో హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు 1924లో మొదటిసారి మనిషి మెదడు విద్యుత్తును (ఈఈజీ) నమోదు చేశాడు. ఐదేళ్ళు తనను తాను అనుమానించుకుని, మళ్ళీ మళ్ళీ పరీక్షించి 1929లో ప్రకటించాడు. ఆయన్ను ఈ పనికి పురికొల్పింది ఒక భయం. యువకుడిగా సైనిక శిక్షణలో ఉన్నప్పుడు గుర్రం మీద నుంచి పడి చావు అంచుల దాకా వెళ్ళాడు. ఎక్కడో దూరాన ఉన్న అక్కకు అదే రోజు కారణం తెలియని గుబులు పుట్టి, తండ్రి చేత అతని క్షేమం అడుగుతూ తంతి పంపించింది. తన భయం అక్కకు ఎలా చేరిందన్న ప్రశ్న బెర్గర్‌ను జీవితాంతం వెంటాడింది. ఆ ప్రశ్నకు ఆయనకు జవాబు దొరకలేదు. దొరికింది మరొకటి: కళ్ళు మూసుకుని ప్రశాంతంగా ఉన్నప్పుడు సెకనుకు సుమారు పదిసార్లు ఊగే అల. దానికే ఆల్ఫా అని పేరు. అంటే ఈఈజీ పుట్టుకలోనే భావం గురించిన ఆశ ఉంది. అది తీరకుండానే ఈఈజీ వైద్యానికి గొప్ప ఉపకారం చేసింది. తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రి సహా దేశమంతటా నరాల వైద్యులు దాన్ని ఎక్కువగా వాడేది మూర్ఛ వ్యాధిని గుర్తించడానికి. ఆ పనిలో అది నమ్మకమైన సాధనం. ఎందుకు నమ్మకమైనదో తర్వాత చెప్పుకుందాం, వాదనకు ఆ తేడా కీలకం.

భావాలను గుర్తించే యంత్రానికి చదువు చెప్పాలంటే ముందుగా ఉదాహరణలు కావాలి: ఇదిగో ఈ అల సంతోషం, ఇదిగో ఈ అల దిగులు అని పేర్లు రాసిపెట్టిన వేలాది నమూనాలు. ప్రపంచమంతటా పరిశోధకులు విరివిగా వాడే నమూనాల సంచయం ఒకటి ఐరోపా విశ్వవిద్యాలయాలు కలిసి తయారుచేసిన ‘డీప్’. 2012లో దాన్ని ప్రకటించారు. 32 మందికి 40 మ్యూజిక్ వీడియోలు, ఒక్కోటి ఒక నిమిషం చొప్పున చూపించి, తల మీద 32 చోట్ల అలలను రికార్డు చేశారు. ప్రతి వీడియో అయ్యాక చూసినవాళ్ళే 1 నుంచి 9 దాకా అంకెలు వేశారు: ఎంత హాయిగా ఉంది, ఎంత ఉద్రేకం కలిగింది, తాను ఎంత అదుపులో ఉన్నట్టు తోచింది, వీడియో ఎంత నచ్చింది. ఈ అంకెలే యంత్రానికి సత్యం. 2015లో షాంఘై జియావో తోంగ్ విశ్వవిద్యాలయం ప్రకటించిన ‘సీడ్’ అనే సంచయంలో 15 మందికి చైనా సినిమాల ముక్కలు చూపించి, అలలను ఇష్టం, అనిష్టం, తటస్థం అని మూడు గంపల్లో వేశారు. అక్కడ పేరు పెట్టింది చూసిన మనిషి అనుభవాన్ని బట్టి కూడా కాదు, చూపించిన సినిమా ముక్కను బట్టి. ఆ తర్వాత వచ్చిన వందలాది పరిశోధన వ్యాసాలు ఈ రెండింటి మీదా, ఇలాంటి మరికొన్నింటి మీదా ఆధారపడ్డవే. లెక్కల పద్ధతులు ఏటేటా మారుతున్నాయి. పేర్లు మాత్రం అవే.

ఇప్పుడు తిరుమల సంకీర్తన భాండారానికి వద్దాం. అన్నమాచార్యుల కుమారుడు పెదతిరుమలాచార్యుల కాలంలో, 16వ శతాబ్దంలో, తాళ్ళపాక వారి పాటలు రెండు వేలకు పైగా రాగిరేకుల మీద చెక్కించి గుడిలోనే ఒక అరలో భద్రపరిచారు. అన్నమయ్య 32 వేల సంకీర్తనలు పాడాడని మనుమడు చిన్నన్న ద్విపదలో రాశాడు. వాటిలో మనకు మిగిలినవి సగం కన్నా తక్కువే. మొదటి రేకు ఒక రికార్డు పుస్తకానికి ఉండవలసిన శ్రద్ధతో మొదలవుతుంది. శాలివాహన శకం 1346, క్రోధి సంవత్సరంలో, పదహారేళ్ళ వయసులో ఆయనకు వేంకటేశ్వరుడు ప్రత్యక్షమైనప్పటి నుంచి శకం 1424, దుందుభి సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా, అంటే క్రీస్తుశకం 1424 నుంచి 1503 వరకు, పాడినవని తేదీలతో సహా చెబుతుంది. పాడినవి అధ్యాత్మ సంకీర్తనలని వర్గం కూడా చెబుతుంది. మరో వరుస రేకులకు శృంగార సంకీర్తనలని పేరు. ప్రతి పాట తల మీదా రాగం పేరుంటుంది. పాటల రచయితే సంకీర్తనకు లక్షణ గ్రంథం సంస్కృతంలో రాశాడు, దాన్ని మనుమడు చినతిరుమలాచార్యుడు తెలుగు చేశాడు. ఇన్ని వేల పాటలను రెండు పెద్ద వర్గాలుగా విడదీసి, ప్రతిదానికీ రాగం గుర్తు వేసి, కాలం రాసి, చెడిపోని లోహం మీద నిలిపిన పని ఇది. భావాలకు లేబుళ్ళు వేసి దాచిన ఇంత పెద్ద సంచయం ఆ కాలపు తెలుగులో మరొకటి నాకు తెలియదు.

ఈ సంచయాన్ని దగ్గరగా చూస్తే యంత్రవాదానికి మొదటి ఇబ్బంది తెలుస్తుంది. శృంగారం అన్న ఒక్క పేరు కింద ఉన్న పాటల్లో ఏమేం ఉన్నాయి? కోపం ఉంది, ఈర్ష్య ఉంది, సిగ్గుంది, ఎత్తిపొడుపుంది, బతిమాలడం ఉంది, అలిసిపోయి ఊరుకోవడం ఉంది, చెలికత్తె మందలింపు ఉంది. అలమేల్మంగ అలిగి నిలబడ్డ పాటా, అలక తీరి నవ్విన పాటా ఒకే వర్గంలోవి. హాయిగా ఉందా లేదా, ఉద్రేకం ఎక్కువా తక్కువా అన్న రెండు గీతల మధ్య వీటిని గుర్తిస్తే కోపం ఒక మూలకు, నవ్వు ఎదురు మూలకు పోతాయి. తాళ్ళపాక వారు వాటిని ఒకచోట పెట్టారు. వాళ్ళు చూసింది ఒంట్లో రేగే ఉద్రేకాన్ని కాదు, ఎవరు ఎవరితో ఏ సంబంధంలో నిలబడి మాట్లాడుతున్నారన్న దాన్ని. అలంకార శాస్త్రంలోని అష్టవిధ నాయికల విభజన ఇంకా స్పష్టం. ఖండిత, కలహాంతరిత ఇద్దరినీ తీసుకోండి. ఇద్దరిలోనూ కోపమూ దుఃఖమూ కలిసే ఉంటాయి. వేరొకరి దగ్గర రాత్రి గడిపి వచ్చిన నాయకుణ్ణి చూసి మండిపడేది ఒకరు. వచ్చినవాణ్ణి తానే తరిమేసి తర్వాత కుమిలిపోయేది ఇంకొకరు. జరిగిన కథే ఇద్దరినీ వేరు చేస్తోంది. ఆ కథ తెలియకుండా మనిషి గుండె దడనూ నుదుటి అలనూ ఎంత సూక్ష్మంగా కొలిచినా ఈ ఇద్దరినీ విడదీయడం కుదరదు. భావం పేరు సగం ఒంట్లో ఉంటే సగం సందర్భంలో ఉంటుంది. ఎలక్ట్రోడ్ సందర్భాన్ని వినలేదు.

రెండో ఇబ్బంది రాగం గుర్తు దగ్గర ఉంది. రేకులు రాగం పేరు చెబుతాయి గాని పాటకు స్వరం రాయలేదు. శతాబ్దాలు గడిచేసరికి పాడే సంప్రదాయం తెగిపోయింది. 20వ శతాబ్దం మొదటి భాగంలో దేవస్థానం శాసన పరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, శ్రీవేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థలో వేటూరి ప్రభాకరశాస్త్రి ఈ రేకులను చదివి పరిష్కరించే పనికి జీవితం ధారపోశారు. తర్వాత రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ తిరుపతిలో కూర్చుని పాటలకు స్వరాలు కట్టారు. ఆయన ముందున్న పరిస్థితి ఊహించండి: గుర్తు ఉంది, గుర్తు దేనికి పెట్టారో ఆ ధ్వని లేదు. రాగం పేరొక్కటీ చాలి ఉంటే పని సులువయ్యేది. కాని ఒకే రాగం అధ్యాత్మ పాటల మీదా ఉంది, శృంగార పాటల మీదా ఉంది. ముఖారినే చూడండి. ఈనాటి శ్రోతకు అది శోకానికి తగిన రాగం. అన్నమయ్య రేకుల్లో అది భగవంతుడి పాదాన్ని కొనియాడే పాటకూ ఉంది. పేరు అదే, దానితో ముడిపడిన భావం కాలంతో కదిలిపోయింది. పాట అర్థాన్ని, పలికే మనిషి స్థితిని చదివి గాని రాళ్ళపల్లి వారు స్వరం నిర్ణయించలేకపోయారు. ఇవాళ మనం వింటున్నది ఆయన, ఆయన తర్వాతి విద్వాంసులు ఇచ్చిన కొత్త జీవం. డీప్ సంచయంలో 32 మంది వేసిన అంకెలకూ ఇదే గతి పడుతుంది. వాళ్ళ అంకెలు ఫైళ్ళలో చెక్కుచెదరవు. ఆ పాటలు విన్నప్పుడు, ఆ ఊళ్ళో, ఆ వయసులో వాళ్ళకు కలిగినదేమిటో మాత్రం ఆ అంకెల్లో ఉండదు.

రాగిరేకుల నుంచి వీధిలోకి వస్తే మూడో ఇబ్బంది ఇంకా గట్టిగా తగులుతుంది. ఈ సీమలో భావం కలగడం ఒక్కటే కాదు, భావాన్ని ఆచరించడం కూడా ఒక పద్ధతి. తిరుమలలో వైకుంఠ ఏకాదశి అయిన ఆరో రోజున ప్రణయ కలహోత్సవం జరుగుతుంది. స్వామి మీద అమ్మవార్లకు అలక. వారి పక్షాన జీయంగార్లు పూబంతులు విసురుతారు, స్వామి వెనక్కి తగ్గుతాడు, ఆళ్వారుల పాశురాలతో నిందాస్తుతి సాగుతుంది, చివరికి రాజీ. ఏటా అదే రోజు, అదే కోపం. కొండ కింద, తిరుపతి వీధుల్లో, మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తుంది. రోజుకో వేషం: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపు కుండలు. ఆడవాళ్ళను చెరిచిన పాలెగాణ్ణి పట్టుకోవడానికి గంగమ్మ రోజుకో రూపం ధరించి వెతికిందని, దొర వేషం చూసి వాడు బయటికొస్తే తల తీసిందని కథ. మొక్కుకున్న మగవాళ్ళు చీర కట్టి, పూలు పెట్టి, నగలు వేసుకుని అమ్మవారి దగ్గరికి వెళ్తారు. వేషం కట్టినవాళ్ళు బూతులు తిట్టడం జాతరలో భాగం. తిట్టించుకున్నవాళ్ళు దాన్ని తప్పు పట్టరు. వేంకటేశ్వరుణ్ణి గంగమ్మకు అన్నగా భావిస్తారు, ఆ అన్నగారింటి సారె తిరుమల నుంచి వస్తుంది. అమెరికా పరిశోధకురాలు జాయిస్ ఫ్లూకిగర్ ఏళ్ళ తరబడి ఈ జాతరను పరిశీలించి 2013లో ఒక పుస్తకమే రాశారు. చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర జరిగే భారత ఉత్సవాలూ ఇలాంటివే. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, తపస్సు మాను ఎక్కే అర్జునుడు, మట్టితో మలిచిన దుర్యోధనుడి వధ, చివర నిప్పులగుండం.

బండ వేషంలో తిడుతూ నడిచే మనిషి తలకు ఎలక్ట్రోడ్ల టోపీ పెట్టామనుకోండి. యంత్రం ఏం చెబుతుంది? ఉద్రేకం ఎక్కువగా ఉందని చెబుతుంది. అది నిజమే. దవడ బిగింపు, నుదుటి ముడత, కేక, నడక ఇవన్నీ అలల్లో కలిసిపోయి వేగమైన గీతలను పెంచుతాయి, అందులో మెదడుది ఎంత, కండరాలది ఎంత అని విడదీయడమే కష్టం. ఆ మీదట, పాశ్చాత్య నమూనాల మీద నేర్చుకున్న యంత్రం దానికి కోపం అని పేరు పెట్టవచ్చు. ఆ మనిషిని అడగండి, మొక్కు తీర్చుకుంటున్నానంటాడు. పక్కవాళ్ళను అడగండి, అమ్మ సంతోషిస్తుందంటారు. ఆ క్షణంలో అతనిలో ఉన్నది కోపమా, భక్తా, ఆటా, ఊరితో కలిసి ఉన్నానన్న నిబ్బరమా? ఇవన్నీ ఒకేసారి ఉండవచ్చు. ఒకటి ఎంచుకుని గంపలో వేయడం మన అవసరమే గాని అతని అనుభవం అలా ఒక గంపలో ఇమడదు.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. సంకీర్తన, ఉత్సవం, నాటకం ఇవన్నీ కళ, ఆచారం. వాటిలోనిది రసం. శాస్త్రజ్ఞులు వెతికేది ప్రయోగశాలలోని నిజమైన భావం. రెంటినీ కలపడం న్యాయం కాదు కదా? మన ఆలంకారికులే ఈ గీత గీశారు. లోకంలోని శోకం వేరు, నాటకం చూసి సహృదయుడు అనుభవించే కరుణరసం వేరని అభినవగుప్తుడి కాలం నుంచి చెప్పుకుంటున్నాం. నేను ఈ విభజనను పూర్తిగా ఒప్పుకుంటాను. ఒప్పుకున్నాకే ఈ అభ్యంతరం తిరగబడుతుంది. డీప్‌లో చూపించినవి మ్యూజిక్ వీడియోలు. సీడ్‌లో చూపించినవి సినిమా ముక్కలు. కుర్చీలో సురక్షితంగా కూర్చుని, ఇది కథేనని తెలిసి, పాటను చూసి కదిలిన ప్రేక్షకుల అలలవి. తన బిడ్డకు జ్వరం వచ్చినప్పటి దిగులు అందులో లేదు, పంట ఎండినప్పటి దుఃఖం లేదు, ఉద్యోగం పోతుందన్న భయం లేదు. ప్రయోగశాల నిజజీవితంలోని భావాలను కొలుస్తున్నానని అనుకుంటూ వాస్తవంలో రసానుభవాన్ని కొలుస్తోంది. చూసేవాడికి రసం ఎలా కలుగుతుందన్న ప్రశ్ననే భరతుడి నాట్యశాస్త్రం ఎత్తుకుంది. కాబట్టి తిరుపతి సంస్కృత విశ్వవిద్యాలయంలో అలంకార శాస్త్రం చదివే విద్యార్థి ఈ చర్చకు బయటివాడు కాదు. ఒక భావాన్ని పుట్టించిన కారణాలు, దాన్ని బయటపెట్టే చేష్టలు, దానితో వచ్చిపోయే 33 సంచారులు కలిస్తేనే పేరు పెట్టగలమన్న క్రమశిక్షణ అతనికి అలవాటు. ఒక అల, ఒక అంకె చాలదని అతనికి మొదటి పాఠంలోనే చెబుతారు.

అలాగని ఇవన్నీ మన పూర్వులకు ముందే తెలుసునని చాటుకోవడానికి నేను ఈ పోలిక తేలేదు. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, కంపం, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అని భరతుడు చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాలు ఒంటి మీద వాటంతటవి పుట్టేవే, డీప్ ప్రయోగంలో చెమట, ఊపిరి, చర్మం వేడి కొలిచారు కూడా. అంతమాత్రాన నాట్యశాస్త్రంలో ఈఈజీ ఉందనడం ఆ శాస్త్రానికీ ఈ శాస్త్రానికీ అవమానం. భరతుడు కొలవలేదు, కొలవాలనుకోలేదు. బెర్గర్ కొలిచాడు. పాత విద్య పేరు పెట్టడంలోని కష్టాన్ని బాగా ఎరుగును. కొత్త విద్య కొలవడంలోని కష్టాన్ని బాగా ఎరుగును.

తెలుగులోనే ఒక దగ్గరి ఉదాహరణ ఉంది, అది మెదడు అల కాదు, గొంతు. 2009లో ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు తెలుగు మాటల్లోని భావాలను యంత్రానికి నేర్పడానికి ఒక సంచయం తయారుచేశారు. విజయవాడ ఆకాశవాణి కళాకారులు పదిమంది, ఐదుగురు పురుషులు, ఐదుగురు స్త్రీలు, 15 తెలుగు వాక్యాలను ఎనిమిది భావాలతో, పది విడతలుగా పలికారు. మొత్తం 12 వేల ఉచ్చారణలు. ఆ ఎనిమిదిలో కోపం, భయం, సంతోషం, ఆశ్చర్యం, జుగుప్స, తటస్థంతో పాటు కరుణ, ఎత్తిపొడుపు ఉన్నాయి. ఈ చివరి రెండూ గమనించదగ్గవి. పాశ్చాత్య మనస్తత్వ శాస్త్రంలో పాల్ ఎక్‌మన్ ప్రచారంలోకి తెచ్చిన ఆరు మూల భావాల పట్టికలో అవి లేవు. రేడియో నాటకాలతో పెరిగిన తెలుగువాళ్ళకు మాత్రం ఎత్తిపొడుపు లేని సంభాషణ ఊహకే అందదు. ఇక్కడ నటన అన్నది దాపరికం కాదు, సంచయం తన పేరులోనే అనుకరణ అని చెప్పుకుంది. నా ఉద్దేశంలో ఇదే నిజాయతీ గల పద్ధతి: ఎవరు పలికారు, ఎలాంటి శిక్షణ ఉన్నవాళ్ళు, ఏ భాషలో, ఏ పేర్లతో అని చెప్పి మరీ యంత్రానికి ఇవ్వడం. తాళ్ళపాక రేకు మొదట్లో సంవత్సరం, కవి, వర్గం చెక్కిన పద్ధతికీ దీనికీ పోలిక ఉంది. మెదడు అలల సంచయాలకు ఇంతటి వివరం అవసరం.

రెండో అభ్యంతరం అంకెలది. యంత్రం నూటికి తొంభై అయిదు సార్లు సరిగ్గా చెబుతుంటే ఈ తత్త్వచర్చ ఎందుకని అడుగుతారు. డీప్‌ను తయారుచేసినవాళ్ళే మొదటి వ్యాసంలో ఇచ్చిన ఫలితం చూడండి. ఎక్కువా తక్కువా అన్న రెండు ముక్కల ప్రశ్నకు మెదడు అలల నుంచి ఉద్రేకాన్ని 62 శాతం, హాయిని 57.6 శాతం సార్లు గుర్తించగలిగామని రాశారు. గుడ్డిగా చెప్పినా 50 దగ్గర పడుతుంది. తర్వాతి ఏళ్ళలో 90 దాటిన అంకెలు ఎలా వచ్చాయి? కొంత నిజమైన ప్రగతి ఉంది. చాలా చోట్ల మాత్రం ఒక లొసుగు ఉంది. నిమిషం నిడివి రికార్డింగును సెకను ముక్కలుగా కోసి, కలిపేసి, కొన్ని ముక్కలతో నేర్పి, మిగతా ముక్కలతో పరీక్ష పెడతారు. ఒకే మనిషి, ఒకే పాట, పక్కపక్క సెకన్లు రెండు వైపులా ఉన్నప్పుడు యంత్రం భావాన్ని నేర్చుకోనవసరం లేదు, ఆ రికార్డింగును గుర్తుపడితే చాలు. పరీక్ష ప్రశ్నలు ముందే చూసిన విద్యార్థికి వచ్చే మార్కులవి. ఎప్పుడూ చూడని మనిషి మీద పరీక్షిస్తే అంకె పడిపోతుంది. మనిషికీ మనిషికీ పుర్రె మందం, ఎలక్ట్రోడ్ అతికిన తీరు, వయసు, నిద్ర ఇవన్నీ కలిసి తెచ్చే తేడా తరచు భావానికీ భావానికీ ఉన్న తేడా కన్నా పెద్దది. అందుకే, పేర్లు ఇవ్వకుండా యంత్రాన్నే అలలను గుంపులు కట్టమంటే సరిపోతుందన్న ఇంకో వాదం కూడా నిలవదు. అది మొదట కట్టే గుంపులు మనుషులను బట్టి ఉంటాయి, భావాలను బట్టి కాదు. గుంపులు కట్టాక వాటికి పేరు పెట్టేది మళ్ళీ మనమే.

అయితే మూర్ఛ విషయంలో ఈఈజీ ఎందుకు నమ్మదగినది? అక్కడ పేరుకు బయటి సాక్ష్యం ఉంది. రోగికి ఫిట్స్ వచ్చాయా లేదా అన్నది ఇంట్లోవాళ్ళు చూశారు, వీడియో చూపిస్తుంది, మందు వేస్తే తగ్గుతుంది. నిద్ర ఎంత గాఢమో, మత్తు ఎంత లోతుగా ఉందో చెప్పడానికీ అలాంటి ఆధారాలున్నాయి. ఆ మేరకు ఉద్రేకం, అలసట, కునుకుపాటు వంటి వాటిని అలల నుంచి పట్టడం సాధ్యమే, ఉపయోగమే. మాట పడిపోయిన రోగికి, నోరు మెదపలేని పక్షవాత బాధితుడికి ఇబ్బందిగా ఉందో లేదో చెప్పే సాధనం ఒకటి నిజంగా వస్తే, దాని కోసం ఎంత శ్రమ పడినా తక్కువే. నా అభ్యంతరం పరిశోధన మీద కాదు. ఉద్రేకం దగ్గర ఆగవలసిన మాట కోపం, ద్వేషం, నేరం దాకా జారడం మీద.

ఆ జారుడు మన దేశంలో ఒకసారి జరిగింది. 2008లో పుణె న్యాయస్థానం ఒక హత్య కేసులో శిక్ష వేస్తూ మెదడు అలల పరీక్షను కూడా లెక్కలోకి తీసుకుంది. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది: మనిషి ఇష్టానికి విరుద్ధంగా నార్కో, పాలిగ్రాఫ్, మెదడు అలల పరీక్షలు చేయడం తనకు తాను వ్యతిరేక సాక్ష్యం చెప్పకుండా ఉండే హక్కుకూ, వ్యక్తి స్వేచ్ఛకూ భంగం. న్యాయస్థానంలో గీసిన ఆ గీతను బడిలోనూ ఆఫీసులోనూ ఎవరు గీస్తారు? 2019లో చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో ఒక ప్రాథమిక పాఠశాల పిల్లల నుదుటికి బ్యాండ్లు కట్టి ఎవరు శ్రద్ధగా ఉన్నారో కొలిచింది, తల్లిదండ్రుల ఆగ్రహంతో ఆపేసింది. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన చట్టం వైద్యం, భద్రత అవసరాలకు తప్ప పనిచోట్లా విద్యాలయాల్లోనూ భావాలను పసిగట్టే యంత్రాలను నిషేధించింది, 2025 ఫిబ్రవరి 2 నుంచి అది అమల్లో ఉంది. ఎంట్రన్స్ ర్యాంకుల కోసం పిల్లలను తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా కూర్చోబెట్టే మన ప్రాంతానికి అలాంటి బ్యాండు రావడం పెద్ద కష్టం కాదు. పాఠం వింటూ చెల్లి పెళ్ళి గురించి ఆలోచించే పిల్లకు ‘అశ్రద్ధ’ అన్న పేరు పడుతుంది. ఆ పేరును కాదనడానికి ఆమె దగ్గర సాక్ష్యం ఉండదు, ఎందుకంటే యంత్రం ఆమె మాట అడగలేదు.

1954లో పుట్టిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, స్విమ్స్, శ్రీపద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, సంగీత నృత్య కళాశాల, 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్ ఇవన్నీ తిరుపతిలోనో దాని చెంతనో ఉన్నాయి. ఈ పని ఎవరో ఒకరి వల్ల అయ్యేది కాదు. ఇంజనీరుకు అల తెలుసు, నరాల వైద్యుడికి ఆ అలలో కండరం ఎక్కడ దూరిందో తెలుసు, ఆలంకారికుడికి పేరు పెట్టే క్రమం తెలుసు, గాయకుడికి పాట ఎక్కడ మనసు తిప్పుతుందో తెలుసు. వీళ్ళు ఒక బల్ల చుట్టూ కూర్చుని, తెలుగు పాటలతో, తెలుగు పేర్లతో, సందర్భం రాసిపెట్టి, చూసినవాళ్ళ మాటనే మొదటి సాక్ష్యంగా తీసుకుని, వాళ్ళ అనుమతితో, వద్దంటే చెరిపేసే హక్కుతో ఒక సంచయం తయారుచేయాలి. అంతవరకు ఏ బడీ, ఏ కంపెనీ, ఏ ఠాణా మెదడు అలల మీద పెట్టిన పేరును మనిషి మాట కన్నా పైన పెట్టకూడదు. పిల్లల తలకు అలాంటి పట్టీ కడతామని ఎవరైనా వస్తే తల్లిదండ్రులు ముందు ఒక ప్రశ్న అడగాలి: దీనికి పేర్లు నేర్పింది ఎవరు, ఎవరి అలలతో? జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా ఒప్పుకోకండి.